ఆర్కిటిక్ మంకీస్ 'ద కార్': మీకు ఎక్కిందా, ఎక్కలేదా?

వైజాగ్_వినైల్:
బ్రిటిష్ రాక్ బ్యాండ్ ఆర్కిటిక్ మంకీస్ ఆల్బమ్ 'ద కార్' వచ్చిన దగ్గర్నుంచి మా ఫ్రెండ్స్‌లో రెండు పార్టీలు. "గిటార్లు ఏవిరా?" అని ఒకరు, "ఇదే వీళ్ల బెస్ట్" అని ఇంకొకరు. నేను రెండో పార్టీ. పది పాటలు, 37 నిమిషాలు, ఎక్కడా అరుపు లేదు. మొదటి పాటలో పియానో, వయొలిన్లు తీరిగ్గా సాగాక గానీ సింగర్ అలెక్స్ టర్నర్ గొంతు విప్పడు. ఆ ఓపిక నాకు చాలా నచ్చింది. మీకు ఏ పాట దగ్గర ఎక్కింది? ఎక్కకపోతే ఎక్కడ ఆపేశారు?

జిమ్_ప్లేలిస్ట్:
నాకు ఎక్కలేదు బ్రో. 2006లో వీళ్ల ఫస్ట్ ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి వారమే 3.6 లక్షల కాపీలకు పైగా అమ్ముడైంది, ఊరికేనా? ఆ స్పీడు, వాళ్ల సొంత ఊరు షెఫీల్డ్ యాస, క్లబ్బుల ముందు క్యూలు, ట్యాక్సీల కోసం కొట్లాటలు... కుర్రాళ్ల జీవితం మొత్తం ఉంది అందులో. 'ద కార్'లో ఎవరి గురించి పాడుతున్నాడో కూడా పట్టుకోలేకపోయా. దీనికి ముందు ఆరు ఆల్బమ్‌లూ బ్రిటన్‌లో నంబర్ వన్. ఇది రెండో స్థానంలో ఆగింది.

వైజాగ్_వినైల్:
అదే రోజు, 2022 అక్టోబర్ 21న, టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్ 'మిడ్‌నైట్స్' కూడా వచ్చింది కదా. దాని ముందు ఎవరు నిలబడతారు!

పాత_క్యాసెట్లు:
జిమ్ తమ్ముడూ, నువ్వు చెప్పిన ఆ ఫస్ట్ ఆల్బమ్‌లోనే 'రయట్ వ్యాన్' ఉంది, మళ్లీ విను. పోలీసులతో కుర్రాళ్ల గొడవ, కానీ దాదాపు గుసగుసగా పాడతాడు. 2007 ఆల్బమ్ చివర్లో '505' కూడా నెమ్మదిగా ఆర్గన్‌తోనే మొదలవుతుంది. అంటే ఈ మెత్తదనం మొదటి నుంచీ ఉన్నదే, అప్పట్లో ఒక మూల ఉండేది, ఇప్పుడు ఇల్లంతా పరుచుకుంది. మధ్యలో 2009 ఆల్బమ్ 'హంబగ్' కోసం అమెరికన్ రాక్ గిటారిస్ట్ జాష్ హోమీ దగ్గరికి, కాలిఫోర్నియా ఎడారికి వెళ్లారు. అక్కడే టెంపో తగ్గింది. తర్వాత టర్నర్‌కి ముప్పయ్యో పుట్టినరోజుకి ఒక స్టైన్‌వే పియానో బహుమతిగా వచ్చింది. 2018 ఆల్బమ్ పాటలు దాని ముందు కూర్చుని రాసినవే. గిటార్ మీద రాస్తే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ ముక్క) ముందు పుడుతుంది, పియానో మీద అయితే కార్డ్స్, వాటి మీద మాట పుడతాయి. 2013 ఆల్బమ్ 'ఏఎమ్' నుంచి నేరుగా 'ద కార్'కి దూకినవాళ్లకి షాక్ తగలడం సహజం.

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్:
నా అనుభవం చెప్తా. ఆఫీస్ క్యాబ్‌లో వింటే ఇది పనిచేయదు. ఏసీ హోరు, హారన్లు కలిసి వయొలిన్లని మింగేస్తాయి, గొంతు ఒక్కటే మిగులుతుంది, అప్పుడు పాట ఖాళీగా అనిపిస్తుంది. ఇంట్లో మంచి హెడ్‌ఫోన్స్‌తో 'బిగ్ ఐడియాస్' వినండి. గొంతు ఆగిన చోటల్లా తీగ వాద్యాలు మాట అందుకుంటాయి. ఇళయరాజా పాటల్లో వయొలిన్లు వింటూ పెరిగిన చెవులు మనవి, ఈ ఆల్బమ్ మనకి ఇంకా తొందరగా ఎక్కాలి నిజానికి.

డ్రమ్స్_నేర్చుకుంటున్నా:
ఎవరూ డ్రమ్మర్ మాట్ హెల్డర్స్ పేరు ఎత్తలేదేంటండీ? పాత పాటల్లో అతని చేతులు చూస్తే మతి పోతుంది, అంత వేగం. ఇందులో ఎక్కడ కొట్టకుండా ఆగుతున్నాడో వినాలి. 'బాడీ పెయింట్'కి ప్యాడ్ మీద కలిపి వాయించడం మొదలుపెట్టా. బీట్ తేలికే. కానీ ఖాళీ కనబడగానే చెయ్యి తనంతట తనే ఒక ఫిల్ (ఖాళీని నింపే చిన్న డ్రమ్ ముక్క) వేసేస్తుంది! అతను వేయడు. అక్కడ గొంతుకి చోటు వదిలేస్తాడు. మా సారుకి వినిపిస్తే, "వేగం ఎవరికైనా వస్తుంది, ఈ నిగ్రహం నేర్చుకో" అన్నారు. ఇంకో విషయం, ఆల్బమ్ కవర్ ఫొటో కూడా హెల్డర్స్ తీసిందే. లాస్ ఏంజెలిస్‌లో ఒక పార్కింగ్ డాబా మీద ఒంటరిగా ఒకే ఒక్క కారు.

షెఫీల్డ్_తెలుగు:
మాస్టర్స్ కోసం ఇక్కడికి వచ్చా. 2023 జూన్‌లో హిల్స్‌బరో పార్క్‌లో వాళ్ల సొంత ఊరి షో, టికెట్ దొరకడం నా అదృష్టం. జిమ్ బ్రో, గిటార్లు ఎక్కడికీ పోలేదు! స్టేజి మీద 'బాడీ పెయింట్' చివరి భాగాన్ని సాగదీసి గిటార్లతో పైకి, ఇంకా పైకి తీసుకెళ్లారు. నా పక్కన నాన్న, కూతురు అనుకుంటా, ఆయన పాత పాటలకి గొంతు చించుకున్నాడు, ఆ అమ్మాయి కొత్తవాటికి. ఈ పాటకి మాత్రం ఇద్దరూ కలిసి పాడారు. రికార్డింగ్‌లో దాచిపెట్టిన బలం లైవ్‌లో బయటపెడతారు. ఆల్బమ్ ఎక్కనివాళ్లు ముందు లైవ్ వీడియోలు చూడండి.

వైజాగ్_వినైల్:
జిమ్ బ్రో, నీకు ఒక్క పాట చెప్తా, 'స్కల్ప్చర్స్ ఆఫ్ ఎనీథింగ్ గోస్'. వయొలిన్ల మెత్తదనం కాదు అది, సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు), డ్రమ్ మెషిన్‌తో బరువుగా నడుస్తుంది. అందులో 'ఘోరమైన కొత్త సౌండ్' అన్న అర్థం వచ్చే ముక్క ఒకటుంది. మారినందుకు అభిమానులు ఏమంటారో వాళ్లకి తెలుసు, పాటలోనే పెట్టేశారు. తెలిసీ వెనక్కి తగ్గలేదు చూడు, నాకు వాళ్ల మీద గౌరవం అక్కడే పెరిగింది. నంబర్ వన్ కోసమే అయితే ఇంకో 'ఏఎమ్' చేయడం వీళ్లకి ఎంతసేపు?

జిమ్_ప్లేలిస్ట్:
విన్నా. ఇది బాగుంది, ఒప్పుకుంటా. ఆ సింథ్ కింద నుంచి వస్తుంటే ఒళ్లు గగుర్పొడిచింది. మిగతా ఆల్బమ్ మీద నా మాట మాత్రం మారలేదు. బ్యాండ్ మారొచ్చు, నేను వాళ్లతో పాటే మారాలని రూలేం లేదుగా. సరే, ఇది నచ్చినవాడు తర్వాత ఏం వినాలి?

పాత_క్యాసెట్లు:
రూలేం లేదు తమ్ముడూ, నచ్చిందే విను. దీని తర్వాత 'ఐ ఎయింట్ క్వైట్ వేర్ ఐ థింక్ ఐ యామ్' పెట్టు, పెడల్‌తో 'వా-వా' అని పలికే గిటార్ ఉంది, కాలు ఆడుతుంది. ఆ తర్వాత 'బాడీ పెయింట్'. 'మిస్టర్ ష్వార్ట్జ్' ఆఖరికి ఉంచుకో, అది నిమ్మళంగా ఉన్నప్పుడు వినాల్సిన పాట.