హిట్లర్‌కు అధికారం తెచ్చిపెట్టింది ప్రచారమేనా?

చరిత్ర విద్యార్థి:
మన పత్రికల్లోనూ ఎన్నికల సభల్లోనూ ‘గోబెల్స్ ప్రచారం’ అన్న మాట బాగా స్థిరపడిపోయింది. దాంతో, జర్మన్లను అబద్ధాలతో మాయచేసి హిట్లర్ గద్దెనెక్కాడని చాలామంది నమ్ముతున్నారు. నాకు ఆ అభిప్రాయం సరైనదనిపించడం లేదు. 1932 జూలై ఎన్నికల్లో నాజీలకు 37.3 శాతం ఓట్లు వచ్చాయి. నవంబరు వచ్చేసరికి అవి 33.1కి పడిపోయాయి. అలా పార్టీ వెనకపట్టు పట్టిన సమయంలోనే, 1933 జనవరి 30న, అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ హిట్లర్‌ను ఛాన్సలర్‌గా, అంటే ప్రభుత్వాధినేతగా, నియమించాడు. అతణ్ని గుప్పిట్లో ఉంచుకోవచ్చనుకున్న మాజీ ఛాన్సలర్ పాపెన్ లాంటి నాయకులు నడిపిన మంతనాల ఫలితం అది. ప్రచారానికి అసలు బలం ఆ తర్వాత, ఎదుటివారి నోళ్లు మూయించాకే వచ్చిందని నా వాదన. మీరేమంటారు?

గోదావరి గట్టు:
మీ లెక్క సగం నుంచి మొదలైందండీ. 1928లో నాజీలకు వచ్చింది 2.6 శాతమే. నాలుగేళ్లలో అది 37కు ఎలా ఎగబాకింది? అప్పటికి ప్రభుత్వం గాని, రేడియో గాని వారి చేతుల్లో లేవు. ఉన్నవల్లా సభలు, గోడపత్రికలు, కవాతులు. 1932లో హిట్లర్ విమానమెక్కి ఒకే రోజు పలు నగరాల్లో ప్రసంగించాడు. అప్పటి ఓటర్లకు అది చూడని వింత.

నిరుద్యోగమే కారణమని ఎవరైనా అంటారేమో, ముందే చెబుతున్నాను. ఆ రోజుల్లో అరవై లక్షల మందికి పని లేదన్నది నిజమే. కానీ పని పోయినవారు నాజీల కంటే కమ్యూనిస్టుల వైపే ఎక్కువగా మొగ్గారు. నాజీలకు దండిగా ఓట్లు వేసింది ప్రొటెస్టెంట్ల పల్లెల్లోని రైతులు, చిన్న దుకాణదారులు. రైతు దగ్గర అప్పుల సంగతి ఎత్తేవారు, దుకాణదారు దగ్గర పెద్ద పెద్ద బజార్ల పోటీ గురించి మాట్లాడేవారు. ఎవరి బాధ ఏదైనా తప్పంతా యూదులదేనని వేలు చూపించేవారు. ఇది ప్రచారం కాక మరేమిటి?

నల్లమల:
ఎమర్జెన్సీని మరచిపోయారా? పత్రికలపై సెన్సారు పెట్టారు, ఆకాశవాణిలో ప్రభుత్వం మాటే వినిపించింది. అయినా 1977లో ఇందిరాగాంధీ ఓడిపోయారు. ప్రచారానికి అంత శక్తే ఉంటే అలా జరుగుతుందా?

పాత పేపర్లు:
నల్లమల గారూ, దేశంలో ఓడినా మన ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకు 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల తాకిడి ఉత్తరాదిలో ఉన్నంతగా ఇక్కడ లేకపోవడం అందుకు ఒక కారణం. సొంత ఒంటికి తగిలిన దెబ్బను తగల్లేదని రేడియో నమ్మించలేదు. పైగా ఇక్కడ ఎన్నికలు జరిగాయి, ఓడినవారు దిగిపోయారు. జర్మనీకి ఆ అవకాశం దక్కలేదు. కాబట్టి ఈ రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

చరిత్ర విద్యార్థి:
గోదావరి గట్టు గారూ, ఓట్లు పెరగడంలో ప్రచారానికి పాత్ర ఉందంటే ఒప్పుకుంటాను. అధికారం దక్కింది దానివల్లే అంటే ఒప్పుకోను. 1933 ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే ముఖ్యమైన పౌరహక్కులను రద్దు చేశారు. కమ్యూనిస్టు నాయకులను జైళ్లలో కుక్కారు, వీధుల్లో నాజీ దళాలు లాఠీలతో తిరిగాయి. ఇంత జరిగాక మార్చి 5న ఎన్నికలు పెడితే వచ్చింది 43.9 శాతం! గోబెల్స్ ప్రచార మంత్రి అయింది ఆ తర్వాతే. అక్టోబరులో తెచ్చిన చట్టంతో పత్రికా సంపాదకులు కూడా ప్రభుత్వం చెప్పుచేతల్లోకి వెళ్లారు.

ఇక రేడియో సంగతి. 1933 ఆగస్టులో ‘ప్రజల రేడియో’ అనే చవక సెట్టు విడుదల చేశారు. ధర 76 మార్కులు. దాని పేరులోని 301 అంకె హిట్లర్ పదవిలోకి వచ్చిన జనవరి 30కి గుర్తు. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే విదేశీ స్టేషన్లు వినడం నేరమన్నారు. వింటే కఠిన శిక్ష తప్పదని అచ్చువేసిన చిన్న చీటీని సెట్టు మీటకే తగిలించారు. ఆరేళ్లు ఏకధాటిగా ఊదరగొట్టాక కూడా జనం లండన్ వార్తల కోసం మీట తిప్పుతారని సర్కారుకు భయముందన్న మాట. ప్రచారం అంతగా తలకెక్కి ఉంటే ఆ చీటీతో పనేముంది?

గోదావరి గట్టు:
చీటీ వాదన బాగుంది. దీనికేమంటారు? యుద్ధం ముగిసి హిట్లర్ చనిపోయాక అమెరికా ఆధీనంలో ఉన్న ప్రాంతంలో సర్వేలు చేశారు. నాజీ సిద్ధాంతం మంచిదే, అమలు చేయడంలోనే చెడిందని దాదాపు సగం మంది చెప్పారు. అప్పుడు మెడమీద నాజీ రహస్య పోలీసు దళమైన గెస్టపో కత్తి ఏముంది? అంతకంటే నన్ను కలవరపెట్టే సంగతి మరొకటి ఉంది. దశాబ్దాల తర్వాత జరిపిన సర్వేల్లో యూదు ద్వేషం ఎక్కువగా కనిపించింది 1930 దశకంలో పుట్టినవారిలో. అంటే నాజీ బడుల్లో అక్షరాలు దిద్దిన తరం. మీరు రేడియో మీటనే చూస్తున్నారు, నేను పలకను చూస్తున్నాను.

చరిత్ర విద్యార్థి:
బడి గురించి మీరు చెప్పింది చాలా బలమైన మాట. అయితే 1933 ఏప్రిల్ 7 చట్టంతో యూదులైన ఉపాధ్యాయులనూ, ప్రభుత్వానికి గిట్టనివారినీ ముందే కొలువుల నుంచి తొలగించారు. ఆ పాఠం తప్పని పిల్లలకు చెప్పగల పెద్దలు తరగతి గదిలో మిగల్లేదు. పైగా ఆ సర్వేల్లోనే మరో సంగతి బయటపడింది. యూదులపై ద్వేషం తరాలుగా పాతుకుపోయిన ప్రాంతాల్లోనే బడి ప్రభావం ఎక్కువ. రేడియోపై జరిగిన పరిశోధనల్లోనూ ఇదే తేలింది. అటువంటి ద్వేషం లేని ప్రాంతాల్లో నాజీ ప్రసారాలు ఎదురుతన్నాయి.

గోదావరి గట్టు:
ఎదురుతన్నిన ఆ ఊళ్లు కూడా తర్వాత నోరెత్తలేదు కదండీ. అక్కడ పనిచేసింది భయమేనని మీరంటారు, అంతవరకు నాకూ అభ్యంతరం లేదు. మిగతా ఊళ్లలో పాత ద్వేషం ఎక్కడెక్కడ ఉందో కనిపెట్టి, దానికి యూనిఫాం తొడిగి, ప్రభుత్వ ముద్ర వేసి బాహాటంగా నిలబెట్టిందెవరు? ఆ పని భయం వల్ల కాదు. దీనికి జవాబు చెప్పండి.