ఉద్యోగం పోయింది, ఊరికి వెళ్లాలని లేదు. హైదరాబాద్‌లో నెలకి ఎంతలో బతకొచ్చు?

కొండాపూర్ మూడో అంతస్తు:
నాకు 27 ఏళ్లు, సొంతూరు నర్సీపట్నం. నాలుగేళ్లుగా మాదాపూర్‌లో టెస్టింగ్ ఉద్యోగం. పోయిన నెల మా ప్రాజెక్ట్ మొత్తం ఎత్తేశారు, రెండు నెలల జీతం ఇచ్చి పంపించేశారు. చేతిలో 1,80,000 ఉన్నాయి. గది అద్దె 14,000, ఇంటికి నెలకి 5,000 పంపాలి, ఎందుకంటే నాన్న అప్పు ఇంకా ఉంది. అమ్మకి చెప్పాను, నాన్నకి ఇంకా చెప్పలేదు. అమ్మ వచ్చేయమంటోంది, కానీ ఇంటర్వ్యూలన్నీ ఇక్కడే. ఇంకో మాట కూడా ఉంది. నాలుగేళ్లలో ఈ ఊళ్లో నేను చూసింది ఆఫీసు, మాల్, బిర్యానీ హోటల్ అంతే. ఇప్పుడు టైమ్ ఉంది కాబట్టి తిరగాలని ఉంది, డబ్బు మాత్రం లేదు. ఇలా బతికినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నల్లకుంట పాతకాపు:
తమ్ముడూ, 2001లో అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు మూతపడినప్పుడు అమీర్‌పేటలో జావా కోర్సు ముగించి రోడ్డు మీద నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. నల్లకుంటలో ఒక గదిలో నలుగురం, ఒక కిరోసిన్ స్టవ్. ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పి నా వాటా అద్దె కట్టేవాణ్ని. అందుకే ముందు చెప్పేది అద్దె గురించే. చాయ్ మానేస్తే, సినిమా మానేస్తే మిగిలేది వందల్లో ఉంటుంది, గది మారితే వేలు మిగులుతాయి. ఈ రోజే ఓనర్‌కి నోటీస్ ఇవ్వు, పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో ఎంత కోస్తాడో ముందే అడుగు.

ఎంఎంటీఎస్, అంటే లోకల్ రైలు, ఆ లైన్ పక్కన ఉండు. భరత్‌నగర్, బోరబండ, ఫతేనగర్, ఎక్కడైనా సరే. లింగంపల్లి రైలెక్కితే హైటెక్ సిటీ స్టేషన్లో దిగొచ్చు, టికెట్ చాయ్ ఖర్చు కంటే ఎక్కువ కాదు. మధ్యాహ్నం రైళ్లు తక్కువ, ఆలస్యం కూడా అవుతాయి, కాబట్టి ఇంటర్వ్యూ ఉన్న రోజు ఒక రైలు ముందే ఎక్కు. మా మేనల్లుడు ఎస్ఆర్ నగర్‌లో నలుగురు ఉండే గదిలో టిఫిన్, రెండు పూటలా భోజనంతో కలిపి 6,500 కడుతున్నాడు. ఆ లెక్కన 6,500, బస్ పాస్ 1,400, ఫోన్ 350, చేతిఖర్చు 1,750 అనుకుంటే పదివేలు. ఇంటికి పంపేది కలిపితే 15,000. 30,000 ముట్టుకోకుండా పక్కన పెట్టినా పది నెలలు గడుస్తుంది. క్రెడిట్ కార్డు ఉంటే మినిమమ్ డ్యూ కట్టి నెట్టుకురావడం మాత్రం వద్దు, ఆ వడ్డీ నిన్ను మింగేస్తుంది.

జీరో టికెట్:
నాకు పోయిన ఏడాది ఐదు నెలలు ఉద్యోగం లేదు. మా ఆడవాళ్లకి 2023 డిసెంబర్ నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కదా, వారంలో ఒక రోజు ఎక్కడికి వెళ్తుందో ఎప్పుడూ వినని బస్సు ఎక్కి చివరి స్టాప్ దాకా వెళ్లేదాన్ని. డబ్బాలో పులిహోర, ఒక వాటర్ బాటిల్. ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మేడ్చల్, చిలుకూరు అన్నీ అలాగే చూశాను. ఇబ్రహీంపట్నం చెరువు కట్ట మీద కూర్చుని ఒక సాయంత్రం మొత్తం నీళ్లనే చూశాను, చాలా రోజుల తర్వాత ఆ రాత్రి నిద్ర పట్టింది. మీరు పాస్ తీసుకునేదాకా టీ-24 టికెట్ కొనండి, కొన్న టైమ్ నుంచి 24 గంటలు ఎన్ని బస్సులైనా ఎక్కొచ్చు.

పగలు గదిలో ఉండకండి, పిచ్చెక్కుతుంది. అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది, 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. మూసీ ఒడ్డున ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు, పైసా అడగరు. చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివేవాళ్లు పొద్దున్నే వచ్చేస్తారు, చోటు కావాలంటే త్వరగా వెళ్లాలి. జీహెచ్ఎంసీ ఐదు రూపాయల భోజనం తెలుసుగా, 2014లో పెట్టారు, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్ అంటున్నారు. మొదటి రోజు లైన్లో నిలబడటానికి నాకు చాలా మొహమాటమేసింది. ముందు ఆటో నడిపే ఆయన, వెనక పుస్తకాల సంచితో ఒక అబ్బాయి. అన్నం, పప్పు, కూర, పచ్చడి, వేడిగా. మీరు మొహమాటపడకండి.

బండరాళ్ల మనిషి:
బ్రో, తిరగాలని అన్నావు కదా, ఈ ఊరి అసలు సంపద రాళ్లు. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, సగం పగలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టేశాం, అది తలుచుకుంటే కడుపు మండుతుంది. ఉన్నవైనా చూడు. ఖాజాగూడ గుట్టలు మీ కొండాపూర్‌కి దగ్గరే. మౌలాలి గుట్ట మెట్లెక్కితే పైన దర్గా, చుట్టూ ఊరంతా కనిపిస్తుంది. వాన పడిన మర్నాడు ఎక్కొద్దు, జారుతుంది. ఒక్కడివే వెళ్లొద్దు. సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు రాళ్ల మధ్య నడకలు పెడతారు, వాటికి వెళ్లు. గోల్కొండ టికెట్ 25 రూపాయలు, పొద్దున్నే వెళ్తే ఎండకి ముందే కోట పైన ఉన్న బాలాహిస్సార్ దాకా ఎక్కేయొచ్చు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, ఎర్రగడ్డ సంతలో పాత షూస్ నుంచి సైకిల్ దాకా. నా సైకిల్ అక్కడిదే, 1,200. సాయంత్రం బంజారాహిల్స్ లామకాన్‌కి వెళ్లు, నాటకమో పాటో ఏదో ఒకటి ఉంటుంది, చాలావాటికి టికెట్ ఉండదు.

గాంధీనగర్ అక్క:
అందరూ మంచి మాటలే చెప్పారు, నేను భయపడే మాట రెండు చెప్తాను. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతో పాటే పోతుంది. చిన్నదైనా సొంత పాలసీ తీసుకో, దీంట్లో పొదుపు వద్దు. జ్వరం, దగ్గు లాంటివాటికి బస్తీ దవాఖానాకి వెళ్లు, డాక్టర్, మందులు ఉచితం. రెండోది, బ్యాక్‌డోర్ జాబ్ ఇప్పిస్తాం, రెండు లక్షలు కట్టు అని ఫోన్లు వస్తాయి. మా పక్కింటి అబ్బాయి అలా కట్టాడు, మూడు నెలల తర్వాత ఆ ఆఫీసుకి తాళం. ఇంటర్వ్యూకి ముందు డబ్బడిగితే ఫోన్ పెట్టేయ్.

నాన్నకి చెప్పు బాబూ. ఇంకొకరి నోట వింటే ఆయన ఎక్కువ బాధపడతారు.

కొండాపూర్ మూడో అంతస్తు:
అక్కా, నిన్న రాత్రి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "రెండు నెలలు డబ్బు పంపకు, నేను చూసుకుంటా" అన్నారు. ఓనర్‌కి నోటీస్ ఇచ్చేశాను, రేపు ఎస్ఆర్ నగర్‌లో రెండు హాస్టళ్లు చూస్తున్నాను. రాళ్ల అన్నా, ఈ ఆదివారం మౌలాలికి వస్తావా?

బండరాళ్ల మనిషి:
వస్తా. పొద్దున ఆరింటికి మెట్ల కింద ఉండు, చెప్పులు కాదు, షూస్ వేసుకో.