కట్ట మీది చెట్లు కొట్టాలెనా, వద్దా?

చెరువు కింది రైతు, గడ్చిరోలి జిల్లా: మా ఊరి మామా తలావ్ కట్ట నిండ తుమ్మలు, వేపలు. (మామా అంటే మేనమామ కాదు, ‘మాజీ మాల్గుజారీ’. 1950 చట్టంతోటి ఊరి శిస్తు వసూలు చేసే మాల్గుజారు దొరలు పోయిన్రు, చెరువులు సర్కారువైనయి.) గ్రామసభల సగం మంది కొట్టేద్దాం అంటున్నరు, సగం మంది వేర్లే కట్టను పట్టుకున్నయి అంటున్నరు. కట్ట కింద తడి గూడ కనవడుతున్నది.

అలుగు పక్క ఇల్లు, సిరొంచ: కొట్టుడే నయం. 2019 జులైల రత్నగిరి జిల్లా తివరే మట్టికట్ట రాత్రిపూట తెగింది, ఇరవై మంది దాకా పోయిన్రు. ఎండ్రికాయలు బొక్కలు పెట్టినయని మంత్రి అంటే అందరు నవ్విన్రు. బొక్క బొక్కనే గదా, ఎండ్రికాయదైతేంది, వేరుదైతేంది?

పాత ఓవర్సీరు: పొదలు ఏటేటా కొట్టండి. పెద్ద చెట్టును కొట్టి మొద్దు వదిలితే మాత్రం తప్పు. వేరు కుళ్లినంక కట్ట లోపల గొట్టం లెక్క సందు మిగులుతది, నీళ్లు ఆ దారి పడతయి. ఎండాకాలంల వేరుతో సహా తవ్వి, మట్టి పొరపొరగ తడిపి దిమ్మిస కొట్టాలె.

అలుగు పక్క ఇల్లు: గొడ్డలి కూలి దొరుకుతది సారు, దిమ్మిస కూలి ఎవరిస్తరు? వంద హెక్టార్ల లోపు పొలం పారే చెరువులు జిల్లా పరిషత్‌వి. వాళ్లు వచ్చేదాక వేరు ఆగుతదా?

నీరడి కొడుకు: చెట్ల పంచాయితీ పక్కన పెట్టున్రి. ఆ తడి ఎట్లుంది? చెరువు నీళ్లు చూసే నీరడి మా నాయిన ఇత్తడి చెంబుల ఊటనీళ్లు పట్టి, చుట్ట కాలేదాక ఆగి, అడుగున వేలు పెట్టి చూసేటోడు. తేటగుంటే ఇంటికొచ్చేటోడు. మన్ను దిగితే కట్ట మీదనే పండేటోడు. ఇప్పుడు కట్ట మీద నడిచేటోడే లేడు.

చెరువు కింది రైతు: పొద్దుగాల గ్లాసుల పట్టి చూసిన అన్నా. అడుగున గోరు మందం మన్ను దిగింది.

పాత ఓవర్సీరు: అంటే కట్ట లోపలి మట్టే కొట్టుకొస్తున్నది. ఊటను మట్టితోటి మూయకు, ఇంకోచోట పొడుస్తది. ఇసుక పొయ్యి, దాని మీద కంకర, ఆపైన రాళ్లు. నీళ్లు రావాలె, మన్ను రావద్దు. తూము ఎత్తి చెరువు దించు, జిల్లా పరిషత్‌కు ఇప్పుడే ఫోన్ కొట్టు.

చెరువు కింది రైతు: వరి పొట్ట మీదుంది సారు. తూము ఎత్తుతే ఊరు నన్ను ఉంచుతదా?

నీరడి కొడుకు: ఆ గ్లాసు పట్టుకొని పో. మాట్లాడకు, చూపెట్టు.