మా ఇంటామె యాదిలో ఏం చేస్తే బాగుంటుంది?

ప్రశ్న (మర్రిగూడ, నల్లగొండ జిల్లా):
వచ్చే నెల మా ఇంటామె సంవత్సరీకం. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని ఇంటింటికీ తిరిగి చెప్పేది. "కాచితే పోదవ్వా, ఇంకా చిక్కబడుతది" అనేది. నడుం వంగిన ముసలోళ్లను పింఛన్ కోసం ఆటోలో మండలాఫీసుకు తీసుకెళ్లేది. కిరాయి మాత్రం నా జేబులోంచే! పిల్లలు ఫ్లెక్సీ కట్టిద్దామంటున్నారు. ఆమెకు ఫ్లెక్సీలంటే ఒళ్లుమంట.

జవాబు:
అన్నా, భోజనాలు పెట్టండి, ఊరు ఊకోదు. ఫ్లెక్సీ పైసలతో బడి పిల్లలకు పాలు పోయించండి. కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ ఒంటికి తక్కువ పడుతది.

జవాబు:
మాది పక్క ఊరే. మా అమ్మ పింఛన్ దరఖాస్తు అక్కే రాసింది, వేలిముద్ర కూడా చెయ్యి పట్టుకుని వేయించింది. ఆ ఆటో ఆపకండి, సగం కిరాయి నాది.

ప్రశ్న అడిగినవారు:
పాలకు బిడ్డ ఒప్పుకుంది. కొడుకు ఇంకా ఫ్లెక్సీ సైజు దగ్గరే ఉన్నాడు. తమ్ముడూ, ఆటో సంగతి ఫోన్‌లో మాట్లాడుకుందాం.