కరోటిడ్ బాడీ ట్యూమర్: ఆపరేషన్‌కు ముందు ఎంబోలైజేషన్ చేయించాలా?

మాది విశాఖ, గాజువాక. అమ్మకు 54 ఏళ్లు. కుడి దవడ కింద ఏడాదిగా గడ్డ ఉంది. నొప్పి లేదు. వేలితో నొక్కితే పక్కలకు కదులుతుంది, పైకీ కిందకీ కదలదు, పైగా నాడిలా కొట్టుకుంటుంది. యాంటీబయాటిక్స్ వాడినా తగ్గలేదు. సూది పరీక్ష రాస్తే, స్కానింగ్ డాక్టర్ గారు చూసి రక్తస్రావం అవుతుందని వద్దన్నారు. ఆయన మేలు మరువలేం.

సీటీ యాంజియోలో (రక్తనాళాల స్కాన్) మెడలోంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే కరోటిడ్ ధమని రెండుగా చీలే చోట 3.8 సెం.మీ. గడ్డ (కరోటిడ్ బాడీ ట్యూమర్), షాంబ్లిన్ గ్రేడ్ 2, అంటే ధమనిని కొంతవరకు చుట్టుకుని ఉంది అని వచ్చింది. ఎడమవైపు ఏమీ లేదు. బీపీ, మెటానెఫ్రిన్ పరీక్ష (గడ్డ బీపీ పెంచే హార్మోన్లు వదులుతోందా అని చూసేది) నార్మల్.

గడ్డ తీసేయాలని ఇద్దరు సర్జన్లూ అన్నారు. ఒకరేమో ముందురోజు ఎంబోలైజేషన్ చేసి గడ్డకు రక్తం అందించే నాళాలు మూసేస్తే ఆపరేషన్‌లో రక్తస్రావం తగ్గుతుందంటున్నారు. ఇంకొకరు ఈ సైజుకు అవసరం లేదు, దానివల్లే స్ట్రోక్ వచ్చే ప్రమాదం ఉంది, వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్ పక్కనుంటే చాలంటున్నారు. రెండూ సబబుగానే అనిపిస్తున్నాయి, అందుకే ఇంత టెన్షన్. నరం దెబ్బతిని గొంతు పోతుందేమోనని అమ్మ భయం. గుడిలో భజనలకు ముందుండి పాడేది ఆవిడే.

మీలో లేదా మీ ఇంట్లో ఎవరికైనా గ్రేడ్ 2 గడ్డ తీసి ఉంటే, ఎంబోలైజేషన్ చేయించుకుని వెళ్లారా, లేకుండానే వెళ్లారా?