ఇరవై ఏళ్లుగా షెడ్డులో ఉన్న యెజ్డీ రోడ్‌కింగ్: ముందు కిక్ కొట్టాలా, ఇంజిన్ విప్పాలా?

అనంత_రోడ్‌కింగ్ (అనంతపురం)

అందరికీ నమస్తే. నాన్న 1986లో కొన్న యెజ్డీ రోడ్‌కింగ్ మా ఇంటి వెనక రేకుల షెడ్డులో దాదాపు ఇరవై ఏళ్లుగా అలాగే నిలబడి ఉంది. ఆయన టీచరు, కళ్యాణదుర్గం దిక్కు పల్లెలన్నీ ఈ బండి మీదే తిరిగారు. ఇప్పుడు డెబ్బై దాటాయి, మళ్లీ ఒక్కసారైనా దాని మీద కూర్చోవాలని ఆయనకుంది, కూర్చోబెట్టాలని నాకుంది. మెకానిక్‌కు ఇచ్చేయకుండా ఇంట్లోనే, నా చేతులతోనే చేయాలనుకుంటున్నా.

బండి పరిస్థితి ఇది. కిక్ రాడ్ దిగట్లేదు, బరువంతా వేసి తొక్కినా కదల్లేదు. ట్యాంకు మూత తీసి టార్చ్ వేస్తే లోపలంతా ఎర్రగా తుప్పు, అడుగున జిగురులాంటి పాత పెట్రోల్. రబ్బరు అన్నది ఎక్కడున్నా పట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది, మన ఎండలు తెలిసినవే కదా. వైరింగ్ ఎలుకలు కొరికేశాయి. అయితే ఒక్క పార్టు కూడా పోలేదు, సైలెన్సర్లు రెండూ ఒరిజినలే.

మా వీధిలో ఒక మెకానిక్ "ప్లగ్ విప్పి ఆయిల్ పోసి రెండు రోజులు ఉంచి గట్టిగా నాలుగు కిక్‌లు కొట్టు, స్టార్ట్ అయిపోతుంది, అనవసరంగా ఇంజిన్ విప్పావంటే మళ్లీ కలవదు" అంటున్నాడు. ఇంకొకాయన ముందు టింకరింగ్, పెయింటింగ్ చేయించు, ఇంజిన్ సంగతి తర్వాత చూద్దాం అంటున్నాడు. వీళ్ల మాటలు విని టెన్షన్ పెరిగిందే కానీ ఏమీ తేలలేదు. నా దగ్గర పానాల సెట్టు, ఒక బెంచ్ వైస్, నాపరాయి వేసిన గట్టి టేబుల్ ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో, అది ఎందుకో కూడా చెప్పండి. ఇంకో డౌటు, ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ పెట్రోల్ ఈ బండికి పనికొస్తుందా?

పాతబండి_కర్నూలు

తమ్ముడూ, కిక్ కొట్టొద్దు. పెయింట్ ఆలోచన కూడా ఇప్పుడే వద్దు. ముందు ఇంజిన్ విప్పు.

ఎందుకో చెప్తాను. ఫోర్ స్ట్రోక్ బండికి కింద ఆయిల్ నిలవ ఉంటుంది, మన యెజ్డీ లాంటి టూ స్ట్రోక్‌కు అట్లా కాదు. పెట్రోల్‌లో కలిపిన 2టీ ఆయిల్, అంటే టూ స్ట్రోక్ బండ్ల ఆయిల్, పొగమంచులా క్రాంక్ గదిలోకి (పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గది) వచ్చి, పోతూ పోతూ బేరింగులను తడిపితే అదే దానికి తిండి. బండి నిలబడ్డాక పెట్రోల్ ఎగిరిపోతుంది, మిగిలిన కొంచెం ఆయిల్ ఎండిపోతుంది, ఇరవై వానాకాలాల చెమ్మ లోపల పని చేస్తుంది. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ కింది బేరింగ్ రోలర్ల మీద చిన్న తుప్పు చుక్క పడినా చాలు, స్టార్ట్ అయిన రోజు బాగానే ఉంటుంది, నూరు కిలోమీటర్లు పోయాక టకటకమని శబ్దం మొదలవుతుంది, ఆ తర్వాత రాడ్, క్రాంక్, పిస్టన్ అన్నీ కలిపి పోతాయి. పైనుంచి పోసిన ఆయిల్ పిస్టన్‌ను వదులు చేస్తుందేమో కానీ ఆ తుప్పును తీయలేదు.

రెండోది ఆయిల్ సీళ్లు, అంటే క్రాంక్ కొనల చుట్టూ గాలి, ఆయిల్ పోకుండా ఆపే రబ్బరు రింగులు. దీని గురించి ఎవరూ చెప్పరు, బండ్లు మాత్రం ఎక్కువగా దీంతోనే పాడవుతాయి. టూ స్ట్రోక్‌లో క్రాంక్ గది కూడా ఒక పంపులాగే పనిచేస్తుంది. పిస్టన్ పైకి పోతే గాలి, పెట్రోల్ లోపలికి లాగుతుంది, కిందికి వస్తే దాన్నే నొక్కి పైకి పంపుతుంది. కాబట్టి ఆ గదిలో వెంట్రుకంత సందు కూడా ఉండకూడదు. క్రాంక్‌కు రెండు పక్కలా ఉన్న సీళ్లు ఎండి గట్టిపడి ఉంటాయి. కుడి పక్క, అంటే డైనమో వైపు సీల్ పోతే బయటి గాలి లోపలికి దూరుతుంది, ఆ గాలిలో పెట్రోల్ ఉండదు, ఆయిల్ అసలే ఉండదు. రేస్ వదిలినా ఇంజిన్ దిగకుండా అరుస్తుంటుంది, వేడెక్కుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. ఎడమ పక్క, క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్‌ను పీల్చుకుని తెల్ల పొగ కక్కుతుంది. బోరింగ్ (సిలిండర్ లోపలి గోడను లేత్‌లో చెక్కడం) సరిగా చేయలేదని లేత్ వాడిని తిట్టుకుంటారు చాలామంది, అసలు దోషం సీల్‌ది.

ఇక పద్ధతి. ప్లగ్ తీసి డీజిల్, ఇంజిన్ ఆయిల్ సగం సగం కలిపి పోసి రెండు మూడు రోజులు వదిలెయ్. ఇది స్టార్ట్ చేయడానికి కాదు, పిస్టన్ పగలకుండా బయటికి తీయడానికి. తర్వాత టాప్ గేర్ వేసి వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపు. కిక్ మీద ఎక్కి దూకితే లోపలి పళ్లు పోతాయి. కదిలాక హెడ్, సిలిండర్ తీసి, ఇంజిన్ దించి కేసులు విడదీయి. క్రాంక్ ప్రెస్ చేసి బిగించింది, దాన్ని ఇంట్లో సుత్తితో ముట్టుకోకు, లేత్ షాపులో కొత్త రాడ్ కిట్ వేయించి రెండు కొనల మధ్య పెట్టి డయల్ గేజ్‌తో వంకర చూపించమను. నీ కళ్లెదుటే చూపించమను. మెయిన్ బేరింగులు, సీళ్లు ఎలా కనిపించినా కొత్తవే వేయి. సిలిండర్ అరిగిన దాన్ని బట్టి పిస్టన్ 0.25, 0.50 మిల్లీమీటర్లు అట్లా ఓవర్‌సైజ్ తీసుకుంటారు. ముందు పిస్టన్ తెచ్చి, దాన్ని లేత్ వాడి చేతిలో పెట్టి, దాని కొలతకే బోరింగ్ చేయించు, ఎప్పుడూ ఆ వరసే.

టూస్ట్రోక్_కడప

కర్నూలు అన్న చెప్పింది నూటికి నూరు కరెక్ట్. నేను ట్యాంకు సంగతి, సామాను సంగతి చెప్తా.

ట్యాంకుకు యాసిడ్ పోయొద్దు బ్రో, చాలామంది బాత్రూమ్ యాసిడ్ పోసి రేకు పల్చబడి చిల్లులు పడేట్టు చేసుకుంటారు. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది, అదే తెచ్చుకో. ముందు పాత జిగురును కిరోసిన్, గుప్పెడు చిన్న నట్లు వేసి బాగా గిలకరించి పారబోయి, నట్లు ఎన్ని వేశావో లెక్కపెట్టుకుని అన్నీ బయటికి తియ్యి. తర్వాత సర్ఫ్ నీళ్లతో కడిగి, కాక్ (ట్యాంకు కింది పెట్రోల్ కుళాయి) తీసి ఆ కన్నం గట్టిగా మూసి, లీటరు గోరువెచ్చని నీళ్లకు నూరు గ్రాముల నిమ్మ ఉప్పు లెక్కన కలిపి అంచు దాకా నింపు. ఒక రాత్రి, తుప్పు ఎక్కువుంటే ఇంకో పగలు. పారబోశాక వంటసోడా నీళ్లతో కడగాలి, లేకపోతే ఆ పులుపు లోపలే ఉండి తింటూనే ఉంటుంది. ఇక్కడ అసలు జాగ్రత్త ఏంటంటే, కడిగిన రేకు తడిగా ఉంటే గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది, కాబట్టి వెంటనే ఎండలో పెట్టి, హెయిర్ డ్రయ్యర్ కొట్టి, ఆరిన మరుక్షణం 2టీ ఆయిల్ కాస్త పోసి అన్ని మూలలకూ అంటేలా తిప్పు. పైన ఒరిజినల్ పెయింట్ ఉంచుకోవాలంటే ఆ నీళ్లు బయట కారకుండా చూసుకో.

సామాను కోసం కొత్త యెజ్డీ షోరూమ్‌లకు తిరిగి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు. 2022లో వచ్చినవి లిక్విడ్ కూలింగ్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లు, పేరు తప్ప మన బండితో ఏ సంబంధమూ లేదు. మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. నీకు దగ్గర బెంగళూరే, జేసీ రోడ్డులో అడుగు, కానీ డూప్లికేట్ సామాను కూడా అక్కడే ఉంటుంది కాబట్టి పాత పార్టు సంచీలో పెట్టుకుని పోయి పక్కపక్కన పెట్టి కొను. జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ వాళ్లంతా కలుస్తారు కదా, అక్కడికి వెళ్తే ఏ సామాను ఎవరి దగ్గర మంచిదో తేలిపోతుంది. పాత పార్టు ఏదీ పారేయకు, చెడిపోయినా సరే. ఒరిజినల్ అరిగినా సరే, బాగుచేసి వాడితే సగం డూప్లికేట్ల కంటే నయం.

పెట్రోల్: ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది. అది గాలిలోని తేమను లాగుతుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. పెట్రోల్ పైపు, కార్బొరేటర్ వాషర్లు ఇథనాల్‌ను తట్టుకునేవి వేసుకో. బండి పది రోజులు తీయను అనుకుంటే కాక్ కట్టేసి ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా నడిపించు, కార్బొరేటర్ ఖాళీ అవుతుంది. 2టీ ఆయిల్ కొత్త బోరింగ్ మీద లీటరు పెట్రోల్‌కు 40 ఎంఎల్, అలవాటు పడ్డాక 30కి తగ్గించు.

ఇంకోటి, అడగలేదు కానీ చెప్తున్నా. మా గువ్వలచెరువు ఘాట్ లాంటి చోట థ్రాటిల్ పూర్తిగా మూసేసి గేర్‌లో దిగొద్దు. థ్రాటిల్ మూస్తే పెట్రోల్ పోదు, పెట్రోల్ పోకపోతే ఆయిలూ పోదు, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మధ్యమధ్యలో క్లచ్ పట్టి ఒకసారి రేస్ ఇస్తూ దిగు.

నంద్యాల_టు_మిన్నెసోటా

మాది నంద్యాల, ఇప్పుడు మిన్నెసోటాలో ఉంటున్నా. మీ బండికి సంబంధం లేదనిపించొచ్చు, కానీ నేను గ్యారేజీలో 1970ల నాటి స్కీ-డూ స్నోమొబైల్ ఒకటి బాగుచేశాను. ముందు రెండు స్కీలు, కింద రబ్బరు ట్రాక్ ఉన్న మంచు బండి, ఇంజిన్ రోటాక్స్ టూ స్ట్రోక్. ఇక్కడ ఆ బండ్లు ఆరేడు నెలలు కదలకుండా పడి ఉంటాయి, కాబట్టి నిలబడి పాడైన టూ స్ట్రోక్‌ను ఎలా చూడాలో వీళ్లకు బాగా తెలుసు. మొదట చూసేది సీళ్లే. కర్నూలు అన్న చెప్పిన దానికి ఒక పరీక్ష కలుపుతా.

ఇంజిన్ బిగించాక, కార్బొరేటర్, సైలెన్సర్లు పెట్టకముందు, ఇన్‌టేక్‌నూ ఎగ్జాస్ట్ కన్నాలు రెండింటినీ పాత ట్యూబు రబ్బరు ముక్క, పైన రేకు పెట్టి బిగించు. పాత స్పార్క్ ప్లగ్ లోపలి పింగాణీ పగలగొట్టి తీసేసి ఆ గొట్టానికి రబ్బరు పైపు తొడుగు. పైపు రెండో కొనకు ఇంట్లో బీపీ చూసే డయల్ మిషన్ తగిలించు, చేత్తో నొక్కే బుడ్డితో సహా. పిస్టన్ కిందికి దించి, ముల్లు 300 దాకా వచ్చేట్టు నొక్కు. అది సుమారు 6 పీఎస్‌ఐ, దీనికి సరిగ్గా కావలసినంత. ముల్లు నిలబడితే ఇంజిన్ గాలి పట్టు ఉన్నట్టే. పడిపోతుంటే సబ్బు నీళ్లు బ్రష్‌తో పూయి, ఎక్కడ బుడగలు వస్తే అక్కడే లీకు. పంక్చర్ షాపు కంప్రెసర్ మాత్రం పెట్టొద్దు, ఆ ప్రెజర్‌కు కొత్త సీళ్లు ఎగిరిపోతాయి.

జెట్ విషయం కూడా, అంటే కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నని కన్నం ఉన్న ముక్క. ఇక్కడ మైనస్ ఇరవైలో గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి పెద్ద జెట్ వేస్తాం. అనంతపురం ఎండకు అంత అక్కర్లేదు, కానీ ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి పెట్రోల్ కాస్త ఎక్కువే కావాలి. రెండూ ఎదురెదురు లెక్కలు, అందుకే ఒరిజినల్ జెట్‌తో మొదలుపెట్టి, కొంచెం దూరం సమంగా నడిపి ఆపి ప్లగ్ తీసి చూడు. కాఫీ పొడి రంగు ఉంటే బాగుంది. తెల్లగా ఉంటే ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకుండా ఒక సైజు పెద్ద జెట్ వేయి.

గుంతకల్లు_బుల్లోడు

ఇంజిన్ గురించి పెద్దలు చెప్పారు, నేను ఆర్‌సీ గురించే. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్ వచ్చింది, నీది 1986 కాబట్టి అది వర్తించదు. మామూలు రెన్యువలే, ఫారం 25, ఐదేళ్లకోసారి. బండి మీ నాన్నగారి పేరు మీదే ఉంటే అలాగే ఉంచు. పెయింట్‌కు ఇచ్చేటప్పుడు మాత్రం ఛాసిస్ నంబరు మీద గ్రైండర్ పెట్టనివ్వొద్దు, పౌడర్ కోటింగ్ కూడా పడనివ్వొద్దు, ఆ చోట టేపు వేసి ఇవ్వు. ఇన్‌స్పెక్షన్‌లో కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది నంబరు ముద్ర తీస్తారు, అంకె కనపడకపోతే అక్కడే ఆగిపోతుంది. విప్పకముందే ఇంజిన్, ఛాసిస్ నంబర్లు రెండూ ఫోటోలు తీసి పెట్టుకో.

అనంత_రోడ్‌కింగ్

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇన్నాళ్లూ రిప్లై ఇవ్వలేదు, పనిలో పడిపోయాను. ఇంజిన్ విప్పాను. రాడ్ కింది బేరింగ్ రోలర్ల మీద నిజంగానే నల్లటి చారలు, వేలి గోరుకు తగులుతున్నాయి. సీళ్లు చెక్కలా గట్టిపడి ఉన్నాయి, వంచితే విరిగాయి. క్రాంక్ చేయించి, 0.50 పిస్టన్‌తో బోరింగ్ చేయించి మొత్తం బిగించాను. ట్యాంకు లోపల వెండిలా వచ్చింది, నాన్న టార్చ్ వేసి చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

బీపీ మిషన్ పరీక్ష చేశా. 300 నుంచి ఒక్క నిమిషంలో 200కి పడిపోతోంది. సీళ్ల దగ్గర ఏమీ లేదు, సిలిండర్ కింది ప్యాకింగ్ దగ్గర వెనక వైపు సన్నగా బుడగలు వస్తున్నాయి. ప్యాకింగ్ రెండు వేసి, మధ్యలో పేస్టు గట్టిగా పూసి బిగిస్తే సరిపోతుందా?

పాతబండి_కర్నూలు

వద్దు తమ్ముడూ. రెండు ప్యాకింగులు వేస్తే సిలిండర్ పైకి లేస్తుంది, దాంతో పోర్టులు (సిలిండర్ గోడలోని కన్నాలు) తెరుచుకునే టైమింగ్ మారుతుంది, కంప్రెషన్ తగ్గుతుంది. పేస్టు ఎక్కువైతే పిండుకుని లోపలి దారుల్లోకి పోతుంది.

సిలిండర్ మళ్లీ తీయి. రింగులు జాగ్రత్త, కేసు మూతికి శుభ్రమైన గుడ్డ కుక్కు. సిలిండర్ కింద గొట్టంలా బయటికి ఉన్న భాగం వదులుగా దిగేంత కన్నం ఉన్న చదునైన మందపాటి పలక మీద, అదే కన్నం కోసిన సన్నని ఎమెరీ పేపర్ పరిచి, ఆయిల్ చుక్కలు వేసి, సిలిండర్ అడుగు అంచును దాని మీద మెల్లగా తిప్పు. ఎక్కడ మెరవకుండా మిగిలిందో అక్కడే పల్లం. అంతా ఒకేలా మెరిసేదాకా తిప్పి, పొడి మొత్తం పెట్రోల్‌తో కడుగు. కేసు మీద పాత ప్యాకింగ్ ముక్క ఏదైనా అంటుకుని ఉందేమో బ్లేడుతో గీకి చూడు, వెనక వైపు స్టడ్‌ల చుట్టూ తప్పకుండా ఉంటుంది. కొత్త ప్యాకింగ్ ఒక్కటే, దానికి రెండు వైపులా పల్చగా గ్రీజు. నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించు. 300 దగ్గర ఐదారు నిమిషాలు ముల్లు నిలిచాకే కార్బొరేటర్ పెట్టు, అంతదాకా పెట్రోల్ పోయకు.