బోచోని రైల్వే స్టేషన్ బొమ్మలు రెండు రకాలుగా ఉన్నాయేంటి? పారిస్ చూసి వచ్చి మార్చాడా?

కావలి డ్రాయింగ్ టీచర్:
నమస్తే అండీ. తొమ్మిదో క్లాసు పిల్లలకి ఇటలీ చిత్రకారుడు ఉంబెర్తో బోచోని ‘మానసిక స్థితులు’ బొమ్మలు చూపిద్దామనుకున్నా. మొత్తం మూడు: వీడ్కోళ్ళు, వెళ్ళేవాళ్ళు, ఉండిపోయేవాళ్ళు. మా పిల్లల్లో చాలామంది నాన్నలు చెన్నైకో బెంగళూరుకో పనికి పోయేవాళ్ళే, స్టేషన్‌లో సాగనంపడం అంటే ఏంటో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తీరా నెట్‌లో వెతికితే అవే పేర్లతో రెండు సెట్లు దొరికాయి, రెండూ 1911వే. మిలాన్‌లో ఉన్నదాంట్లో అంతా పొగలా మెలికలు తిరిగే గీతలు. న్యూయార్క్‌లో ఉన్నదాంట్లో ఇంజను ముక్కలుముక్కలుగా విరిగి, మధ్యలో 6943 అని అచ్చు గుద్దినట్టు నంబరు. ఒక్క ఏడాదిలో మనిషి ఇంత మారతాడా? ఫ్రాన్స్ వాళ్ళని చూసి కాపీ కొట్టాడని మా స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన అంటున్నారు. పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

ఒంగోలు కుంచె:
మేడమ్, ఆ రెండు సెట్ల మధ్య ఒక పారిస్ ప్రయాణం ఉంది. బోచోని, అతని మిత్రులు కదలికనీ వేగాన్నీ బొమ్మల్లోకి తేవాలనుకున్న ఇటలీ ‘ఫ్యూచరిస్టులు’. వాళ్ళలో ఒకడైన చిత్రకారుడు జీనో సెవెరీని 1906 నుంచీ పారిస్‌లోనే మకాం. 1911 చివర్లో బోచోని, మరో ఫ్యూచరిస్టు కార్లో కర్రా మిలాన్ నుంచి అక్కడికి వెళ్తే అతనే వెంట తిప్పి క్యూబిస్టుల పని చూపించాడు. క్యూబిస్టులంటే వస్తువుని ముక్కలు చేసి అన్ని వైపుల నుంచీ ఒకేసారి చూపించే పికాసో, బ్రాక్‌లాంటి చిత్రకారులు. బ్రాక్ స్టెన్సిల్‌తో, అంటే అక్షరాలు కత్తిరించిన అచ్చుతో, అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది కూడా ఆ ఏడాదే. బోచోని తిరిగొచ్చి స్టేషన్ బొమ్మలు మళ్ళీ మొదట్నుంచీ వేశాడు, 1912 ఫిబ్రవరిలో బెర్న్‌హైమ్-జ్యూన్ గ్యాలరీలో పారిస్ వాళ్ళకే చూపించాడు. కానీ కాపీ అంటే నేను ఒప్పుకోను. పికాసో, బ్రాక్ అప్పట్లో వేసేది గిటారు, గ్లాసు, కుర్చీలో కూర్చున్న మనిషి, అంటే కదలని వస్తువు చుట్టూ వాళ్ళే తిరిగి చూసేవాళ్ళు. ఇతనికి కావాల్సింది కదిలే బండి, అది కదులుతుంటే మనసులో పుట్టే గుబులు.

నెల్లూరు పాఠకుడు:
నేనైతే అంత తేలిగ్గా వదలను. అదే 1912 ప్రదర్శన కేటలాగులో ఈ ఫ్యూచరిస్టులు, క్యూబిస్టులు కదలనివాటినే వేస్తున్నారని విమర్శించారు. అప్పిచ్చినవాడి ఇంటి ముందే నిలబడి వాణ్ణి తిట్టినట్టు లేదూ? ఇంకో మాట, ఈ రాకపోకలు 1911లో మొదలైనవి కావు. బోచోనికీ సెవెరీనికీ రంగుల్ని విడదీసి చుక్కలుగా, గీతలుగా పెట్టడం నేర్పింది రోమ్‌లో జాకొమో బల్లా. ఆయన 1900లో కొన్ని నెలలు పారిస్‌లో ఉండొచ్చాడు. ఆ పద్ధతికి ఇటలీలో చిత్రకారుడు సెగంతీనిలాంటి సొంత పెద్దలూ ఉన్నారనుకోండి. 1912లో గ్యాలరీ తరఫున ఆ ప్రదర్శన పెట్టించింది కళా విమర్శకుడు ఫెలిక్స్ ఫెనియోఁ, 1886లో ఫ్రెంచి చిత్రకారుడు సూరా చుక్కల పద్ధతికి ‘నియో ఇంప్రెషనిజం’ అని పేరు పెట్టిన మనిషి! పారిస్ కవి, విమర్శకుడు అపోలినేర్ కూడా 1912లో వీళ్ళ మీద ఘాటుగా రాసి, 1913 జూన్‌కల్లా తానే ఫ్యూచరిస్టుల కోసం ఒక మేనిఫెస్టో (ఆశయాల ప్రకటన) రాసిచ్చాడు. అంటే ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా నడిచింది.

బిట్రగుంట మనవడు:
బొమ్మల గురించి నాకు తెలిసింది తక్కువ, రైళ్ళ గురించి చెప్తా. మా తాత బిట్రగుంట లోకోషెడ్‌లో ఫైర్‌మన్. ఆవిరి ఇంజన్లని ఆయన నంబర్లతోనే పిలిచేవాడు, ఇంట్లో కూడా ‘ఇవాళ ఫలానా నంబరు మొరాయించింది’ అనేవాడు. ఇప్పుడే న్యూయార్క్ బొమ్మ పెద్దది చేసి చూశా. ఇంజను చుట్టూ ఆకుపచ్చగా, ఒకర్నొకరు కావలించుకున్న జంటలు అలల్లా కొట్టుకుపోతున్నాయి, ఎవరి ముఖమూ తెలీదు. నంబరొక్కటే తేటగా ఉంది. ప్లాట్‌ఫాం మీద కళ్ళనిండా నీళ్ళతో నిలబడితే అలాగే కదా కనిపించేది! స్టెన్సిల్ పారిస్‌లో నేర్చుకునే ఉండొచ్చు, దాన్ని ఇంజను మీద పెట్టాలనే ఆలోచన మాత్రం స్టేషన్‌లో నిలబడి చూసినవాడిదే.

నెల్లూరు పాఠకుడు:
ఈ మాట నాకు తట్టలేదు తమ్ముడూ. కాపీ అనే మాట నేనిక అనను, కేటలాగులో ఆ తిట్లు మాత్రం తప్పే.

కావలి డ్రాయింగ్ టీచర్:
అందరికీ చాలా థ్యాంక్స్. రెండు సెట్లూ కలర్ ప్రింట్లు తీయించి గోడకి పక్కపక్కనే అంటిస్తాను. పారిస్ సంగతి ముందు చెప్పను, పిల్లలు ఏ బొమ్మ దగ్గర ఎక్కువసేపు ఆగుతారో చూశాక చెప్తా. బిట్రగుంట బాబూ, తాతగారు ఇంజను పక్కన నిలబడిన ఫొటో ఏదైనా ఉంటే ఇక్కడ పెట్టు, నంబరు కనిపించేలా.